ఒట్టు వేయించకు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి ముట్టింది. జవాబు ఆలస్యమైందని ఏమీ అనుకోకు. కంటి డాక్టరు ఎక్కువసేపు చదవొద్దన్నాడు. చదవకుండా ఉండలేక, చదివితే కళ్ళు మండి, అట్లా కొంచెం కొంచెంగా పూర్తి చేశాను. బాగుందో లేదో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. ఒక్క ముక్కలో అయ్యేదైతే ఫోన్‌లోనే చెప్పేదాన్ని. ఇంకో మాట, నన్ను మేడమ్ అనొద్దు. కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఆ పిలుపు విని విసిగిపోయాను. అక్కా అను చాలు.

బాగున్నవి ముందు చెప్తాను, తొందరగా అయిపోతాయి. అమ్మాయికి అలివేలు అనీ, అబ్బాయికి మునిశేఖర్ అనీ పేర్లు పెట్టావు. మన వైపు వీధికి నలుగురు మునిరత్నాలు, మునెమ్మలు ఉండగా, ఇక్కడి కుర్ర రచయితలంతా తమ హీరోలకి ఆర్యన్, విహాన్ అని పెడుతుంటే నాకు ఒళ్ళు మండేది. నువ్వు ఆ పని చెయ్యలేదు. చంద్రగిరి నుంచి తిరుపతికి వచ్చే పొద్దుటి బస్సు బాగుంది. అలివేలు తల్లి నోట్లో గుండుసూదులు పెట్టుకుని, జాకెట్టు గుడ్డ మీంచి కన్నెత్తకుండా కూతురికి జవాబులు చెప్పడం ఇంకా బాగుంది. అది చూసి రాసిందని తెలిసిపోతోంది. మునిశేఖర్ వాళ్ళ నాన్న టూరిస్టు వ్యాను నడపడం, ఆదివారాలు వీడు కూడా ముందు సీట్లో ఎక్కి కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు తిరుగుతూ యాత్రికులతో అరవం, కన్నడం, హిందీ కలిపి దంచడం, ఇవన్నీ బతికున్న పేజీలు. వీటి జోలికి వెళ్ళకు.

ఇబ్బంది అంతా ఆ పిల్ల దెబ్బ దగ్గరే.

మొదటి మూడు అధ్యాయాలూ అదే. తండ్రి రేణిగుంటలో ఇంకో కాపురం పెట్టడం, తల్లి ఏడుపు, తొమ్మిదో తరగతిలో అలివేలు ఆ సంగతి ఒకే ఒక్క స్నేహితురాలికి చెప్పుకుంటే మర్నాటికల్లా క్లాసంతా పాకిపోవడం, అప్పట్నుంచీ ఎవరినీ నమ్మకూడదని తీర్మానించుకోవడం. అన్నీ వరసగా, వివరంగా, కారణాలతో సహా చెప్పేశావు. ఆ పిల్ల ఎవరికీ చెప్పుకోలేక కడుపులో దాచుకున్న మాటని నువ్వు మొదటి పేజీలోనే ఊరందరి ముందూ పెట్టేశావు. ఇక మునిశేఖర్‌కి చెప్తుందా లేదా అని పాఠకుడికి టెన్షన్ ఎందుకుంటుంది? తనకి ముందే తెలుసు కదా.

ఆ మూడు అధ్యాయాలూ తీసి పక్కన పెట్టు. చించెయ్యకు, నీకు అవసరం. పాఠకుడికి అవసరం లేదు.

దెబ్బ తిన్న పిల్ల రోజంతా ఆ దెబ్బనే తలుచుకుంటూ తిరగదు. పొద్దున్నే లేస్తుంది, జడ వేసుకుంటుంది, బస్సు కోసం పరిగెత్తుతుంది. దెబ్బ ఏవో కొన్ని అలవాట్లు నేర్పి వెళ్ళిపోతుంది. ఆ అలవాట్లు తనకి ఉన్నాయని కూడా ఆ పిల్లకి తెలియదు. నువ్వు రాయాల్సింది అవి. నీ బస్సే తీసుకో. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకి స్త్రీశక్తి కింద ఉచిత ప్రయాణం వచ్చింది. కండక్టరుకి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తాడు. నీ కథ ఇప్పటిదే కాబట్టి అలివేలు కూడా రోజూ ఆ కార్డు తీస్తుంది. కార్డు వెనక చిరునామా దగ్గర తండ్రి పేరుంది అనుకో. ఆ పిల్ల కార్డుని ఎట్లా పట్టుకుంటుంది? ఫోటో ఉన్న వైపు కండక్టరుకి, రెండో వైపు తన అరచేతికి అదిమిపెట్టి. కండక్టరుకి ఆ పేరుతో పని లేదు. పక్క సీటు ఆవిడ కునికిపాట్లు పడుతోంది. అయినా అట్లాగే పట్టుకుంటుంది. ఒక్క వాక్యంలో రాసి ముందుకి వెళ్ళిపో. ఎందుకో చెప్పకు. చాలా పేజీల తర్వాత పరీక్ష ఫీజు ఫారం నింపేటప్పుడు అన్ని గడులూ నింపి తండ్రి పేరు గడి ఒక్కటీ వదిలేస్తుంది. క్లర్కు కిటికీలోంచి ఫారం వెనక్కి తోస్తాడు. అప్పుడు పాఠకుడికి ఆ అరచెయ్యి గుర్తొస్తుంది.

ఇట్లాంటివి నీకు బోలెడు దొరుకుతాయి. బస్టాపులో ఎవరూ పలకరించకుండా, రాని ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే పిల్లల్ని చూశావా? నోట్సు కావాలంటే అక్కడే నిలబడి జిరాక్స్ తీయించుకుంటుంది గానీ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళదు. తీసుకెళ్తే తిరిగి ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు రెండు మాటలు మాట్లాడాలి, మాటల్లోంచి మాటలు వస్తాయి. అన్నీ ఒకేచోట కుప్ప పొయ్యకు. అక్కడొకటి, ఇక్కడొకటి.

నలభయ్యో పేజీలో అలివేలు చేత ఒక మాట అనిపించావు: "స్నేహితురాలు నలుగురికి చెప్పింది, అంతే కదా, దానికి ఇంత బాధేమిటి నాకు?" ఈ మాట వెనక నీ అనుమానం కనపడుతోంది. కారణం చిన్నదైపోయిందేమో, ఇంకా పెద్ద ఘోరం ఏదైనా జరిపించాలేమో అని. అక్కర్లేదు. 2003లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. మనిషిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట ఆడించారు. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ ఇతనికి బంతి వెయ్యడం మానేస్తారు. అంతే. అపరిచితులు, ఉత్తుత్తి బంతి. అయినా ఒంటికి నొప్పి కలిగినప్పుడు బాధపెట్టే మెదడు భాగమే అప్పుడూ చురుగ్గా మారిందట. ఇక పదిహేనేళ్ళ పిల్లకి నిజమైన క్లాసులో, నిజమైన స్నేహితురాలి వల్ల జరిగితే చెప్పేదేముంది? మీ స్కూల్లో ఆడపిల్లలు త్రోబాల్ ఆడేవాళ్ళు కదా. బంతి రాని పిల్ల నెట్టు దగ్గర చేతులు సగం ఎత్తి నిలబడుతుంది. పూర్తిగా దించితే ఒప్పుకున్నట్టు, పూర్తిగా ఎత్తితే అడుక్కున్నట్టు. ఆ చేతులు రాయి, "ఇంత బాధేమిటి" అన్న ప్రశ్న కొట్టెయ్.

ఇక అబ్బాయి. మూడు నెలలు బస్సులో వెంటపడ్డాడనీ, వద్దన్నా రోజూ బస్టాపులో నిలబడ్డాడనీ, ఆ పట్టుదల చూసి ఆమె మనసు కరిగిందనీ రాశావు. ఇది సినిమాల నుంచి అంటుకున్న జబ్బు. వద్దన్న ఆడపిల్ల వెంటపడటాన్ని 2013లోనే నేరంగా చట్టంలో చేర్చారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. సరే, చట్టం మాట అట్లా ఉంచు. ఇంట్లోంచి ఒక మగవాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే చూసిన పిల్ల, ఇంకో మగవాడు చెప్పాపెట్టకుండా వెనకాలే వస్తుంటే కరుగుతుందా? ఆ బస్సు ఎక్కడం మానేస్తుంది.

వాడు టేకు చెక్కతో బొమ్మ చెక్కి ఇవ్వడం కూడా తీసెయ్. అది మాధవమాల ఊళ్ళో చేయి తిరిగిన కొయ్యబొమ్మల పనివాళ్ళు చేసే పని, వ్యాను డ్రైవరు కొడుక్కి ఆదివారం మధ్యాహ్నం ఎట్లా వచ్చింది?

నీ చేతిలో అంతకంటే మంచి సరుకుంది. నువ్వే గమనించలేదు. మునిశేఖర్ వాగుడుకాయ. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. వ్యాను ఎక్కినవాళ్ళ ఊరు, పెళ్ళి సంబంధాలు, మొక్కులు అన్నీ సాయంత్రానికి వీధిలో చెప్పేస్తాడు. నవ్వించడానికే గానీ చెడ్డ ఉద్దేశంతో కాదు. ఒక మాట బయటపడి బతుకు చెదిరిన పిల్ల, ఏ మాటా లోపల నిలవని అబ్బాయి. నీ నవల ఇదే. ఇది వదిలేసి వాడిని గడ్డం గీయని ఋషిలాగా మౌనంగా చూస్తూ నిలబెట్టావు. ఇంకోటి, వాడికి కూడా చిన్నప్పుడు ఏదో దెబ్బ తగిలిందని చివర్లో తగిలించకు. మామూలుగా పెరిగిన పిల్లలు కూడా లోకంలో ఉంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పన్నెండో అధ్యాయం, కాణిపాకం.

వాడు వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి, జన్మలో నిన్ను మోసం చెయ్యనని ప్రమాణం చేసి, ఆ కుంకుమ తెచ్చి ఇస్తే అలివేలు కళ్ళనీళ్ళు పెట్టుకుని నమ్మేసింది. నాయనా, నువ్వు చిత్తూరులో పుట్టి పెరిగినవాడివి. అప్పు ఎగ్గొట్టినవాడి దగ్గర్నించి గట్టు జరిపినవాడి దాకా, మన వైపు ఎవరినైనా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని కదా నిలదీస్తారు. నాయకులు కూడా అదే సవాలు విసురుకుంటారు. ఆయన సత్యప్రమాణాల దేవుడు. ఆయన ముందు ఒట్టేసి తాగుడు మానేసిన వాళ్ళున్నారు, వాళ్ళ పుణ్యం. ఒట్టేసి, పది రోజులాగి మళ్ళీ తాగిన వాళ్ళూ ఉన్నారు. అలివేలు తండ్రి ఆ రెండో రకం ఎందుకు కాకూడదు?

ఆలోచించు. పిల్లకి పదేళ్ళప్పుడు తండ్రి భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని కాణిపాకం వెళ్ళాడు. రేణిగుంట వైపు ఇంక తొంగిచూడనని అక్కడ ప్రమాణం చేశాడు. బయటికి వచ్చాక పిల్లకి చెరుకురసం ఇప్పించాడు. ఆ రోజు అమ్మ నవ్వింది. నాలుగు నెలల తర్వాత మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఏడేళ్ళు గడిచాక, ఈ వాగుడుకాయ బస్సులో హుషారుగా అంటాడు: "నమ్మకం లేకపోతే చెప్పు, ఆదివారం నాయిన ట్రిప్పు కాణిపాకానికే, దేవుడి ముందరే ఒట్టేస్తా." వాడికి తెలిసిన అతి పెద్ద మాట అది. ఆ పిల్ల మొహం మాడిపోతుంది. "ఒట్లు వద్దులే" అని కిటికీ వైపు తిరుగుతుంది. తను ఏం తప్పు మాట్లాడాడో వాడికి అర్థం కాదు. పాఠకుడికి కూడా అప్పుడే అర్థం కానివ్వకు. ఆ చెరుకురసం సంగతి చాలా తర్వాత రావాలి.

కాణిపాకం దగ్గర బాహుదా నది కథ నువ్వు వినే ఉంటావు. ఆకలికి ఆగలేక, అడక్కుండా మామిడిపండు కోసుకు తిన్నాడని లిఖితుడనే ఆయన చేతులు రాజు నరికిస్తే, ఆ నీళ్ళలో మునిగి లేచేసరికి రెండు చేతులూ మళ్ళీ మొలిచాయంటారు. నీ నవలలో ప్రేమ ఆ నదిలా పనిచేస్తోంది. ఒక్క మునక, ఒక్క ఒట్టు, పిల్ల బాగైపోయింది. పురాణంలో సరిపోతుంది. పదిహేడేళ్ళ ఇంటర్ పిల్ల విషయంలో అట్లా జరగదు. తను నమ్మే ముందు పరీక్ష పెడుతుంది. ఒకటి కాదు, చాలా.

మొదటి పరీక్ష అబద్ధంతో పెట్టించు. "ఫిజిక్స్ యూనిట్ టెస్టులో నాకు ఆరే వచ్చినాయి, ఎవరికీ చెప్పొద్దు" అంటుంది వాడితో. నిజానికి ఇరవై దాటాయి. వాడికి తప్ప ఈ ఆరు సంగతి ఇంకెవరికీ తెలిసే వీల్లేదు. ఇక కాచుకుని కూర్చుంటుంది. వెనక బెంచీలో ఎవరు నవ్వినా చెవులు రిక్కిస్తుంది. లెక్చరర్ తన వైపు చూస్తే వాడు ఆయనకి కూడా చెప్పేశాడేమో అనుకుంటుంది. వారం గడుస్తుంది. మాట బయటికి రాదు. వాగుడుకాయ నోరు కట్టుకున్నాడు!

ఇక్కడ నువ్వు తప్పకుండా సంతోషం రాస్తావు. రాయకు. ఆ పిల్లకి భయం వేస్తుంది. మాట బయటపడి ఉంటే హాయిగా ఉండేది. చూశావా, అందరూ ఒకటే అనుకుని, తలుపు మూసుకుని పడుకునేది. ఇప్పుడు ఆ వీలు పోయింది. వీడు వేరేమో అన్న అనుమానం, దాని వెంట నిజం చెప్పాలన్న కోరిక. వాడి మీద విసుక్కుంటుంది, కారణం లేకుండా రెండు రోజులు మాట్లాడదు. పాపం వాడికి ఆరు మార్కుల దుఃఖం అనుకుని ఫిజిక్స్ గైడు తెచ్చి ఇస్తాడు. నవ్వు రావాలి అక్కడ.

రెండోదానికి నా దగ్గర ఒక సరుకుంది, ఇస్తాను వాడుకో. నా క్లాసులో చదివిన ఒక అమ్మాయి డైరీ రాసేది. (తను ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, చెప్పమంటేనే చెప్తున్నాను.) తల్లిది తిరుత్తణి వైపు, ఇంట్లో అరవం చదవడం రాయడం నేర్పింది. ఈ పిల్ల తెలుగు మాటలనే అరవ అక్షరాల్లో రాసుకునేది. హాస్టల్లో అరవం చదవగలిగిన వాళ్ళు చూసినా, అరవ మాటలు కావు గనక గబుక్కున అర్థం కాదు, తెలుగు వాళ్ళకి అక్షరాలే తెలియవు. ఆమె పుస్తకం మంచం మీద తెరిచి పెట్టి స్నానానికి వెళ్ళేది! అలివేలుకి ఇది ఇవ్వు. మునిశేఖర్‌కి అరవం మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. బస్సులో ఆ పుస్తకం చూసి ఇదేమిటని అడుగుతాడు. ఆమె చెప్పదు. కొన్నాళ్ళకి ఒక అక్షరం చెప్తుంది. తర్వాత ఇంకోటి. ఆమె తెరిచే తలుపు అంత నెమ్మదిగా తెరవాలి. అరవంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం, త, ద, ధ లకి ఒకటే, ప, బ లకి ఒకటే. కాబట్టి వాడు కూడబలుక్కుని "ఈరోజు చాలా పాతగా ఉంది" అని చదువుతాడు. ఆమె రాసింది బాధగా ఉందని. వాడు నవ్వుతుంటే ఆమె సరిదిద్దదు.

తర్వాత వాడు తప్పు చెయ్యాలి. చెయ్యకపోతే నీ నవల లేదు.

బజ్జీల బండి దగ్గర నలుగురు స్నేహితుల మధ్య, మాట మీద మాట పడుతున్నప్పుడు, వాడు ఆ అరవ డైరీ సంగతి జోకుగా అనేస్తాడు. ఒంటరిగా ఉన్నప్పుడు వారాల తరబడి దాచినవాడు, గుంపులో ఒక్క నిమిషం ఆగలేకపోతాడు. ఇది నేను ఊరికే కల్పించడం లేదు. 2005లో ఇద్దరు పరిశోధకులు తెర మీద కారు నడిపే ఆట ఆడించి చూశారు. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కనుండగా కుర్రవాళ్ళు చాలా ఎక్కువ ప్రమాదాలకి తెగించారు. పెద్దవాళ్ళలో ఆ తేడా అంతగా లేదు. మునిశేఖర్ చెడ్డవాడు కాదు, పదిహేడేళ్ళవాడు.

అన్న మరుక్షణం వాడికి తెలుస్తుంది. రాత్రి నిద్ర పట్టదు. పొద్దున్నే ఆమె కంటే ముందు బస్టాపులో ఉంటాడు.

"అలివేలా, నేనొక పని చేస్తిని. నీ అరవం పుస్తకం సంగతి మావోళ్ళతో అనేస్తిని. ఇంకొకరు చెప్పేలోగా నేనే చెప్దామని వస్తి."

ఆమె ఏమీ అనదు. బస్సు వస్తే ముందు వైపు ఎక్కుతుంది. చాలా రోజులు వాడి మొహం చూడదు. ఇక్కడ వాడి చేత ఏడిపించకు, చెయ్యి కోయించకు, వాన కురిపించకు. వాడు కూడా ఏమీ చెయ్యలేక ఊరుకోవాలి. తండ్రి తన సంగతి తను చెప్పలేదు, పక్కింటావిడ చెప్తే తెలిసింది. స్నేహితురాలు ఆఖరి దాకా నేను కాదనే అంది. తన తప్పు తనే మోసుకుని ఎదురుగా వచ్చిన మొదటి మనిషి వీడు. ఇది నీకు చెప్తున్నాను గానీ నవలలో ఎక్కడా రాయకు. అలివేలుకి కూడా ఈ సంగతి మాటల్లో తెలియదు. ఎందుకో కోపం నిలవడం లేదని మాత్రం తెలుస్తుంది.

వాళ్ళు మళ్ళీ మాట్లాడుకునే చోటు గురించి. రాత్రి పదకొండింటికి అలిపిరి మెట్ల మీద ఇద్దర్నే కూర్చోబెట్టి, చంద్రుణ్ణి కూడా తెప్పించావు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఒక పసిపిల్లని చంపాక, ఆంక్షలు పెట్టి జనాన్ని గుంపులుగా పంపడం మొదలుపెట్టారు. ఆ ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? ఏకాంతం నీకు అవసరం కూడా లేదు. మన పిల్లలకి ప్రేమ అమ్మల ముందు, అత్తల ముందు, గోవింద నామాల మధ్యే జరుగుతుంది.

పగలే పెట్టు. అలివేలు తల్లికి మెట్ల పూజ మొక్కు. వంగి మెట్టుకి వేలితో పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి, ఇంకో మెట్టు. 3550 మెట్లు. కొంతదూరం తల్లి, కొంతదూరం కూతురు. గాలిగోపురం చేరేసరికి నడుము తనది కానట్టుంటుంది. అదే గుంపులో మునిశేఖర్ వాళ్ళ నానమ్మని చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంటాడు. తల్లికి వీడెవరో తెలియదు. "అబ్బయ్యా, ఈ పొట్లం రవ్వంతసేపు పట్టుకో" అని కుంకుమ వాడి చేతికిస్తుంది. అలివేలు వంతు వస్తుంది. వంగి ఉన్న పిల్లకి వాడి మొహం కనపడదు, పాదాలు కనపడతాయి, కాలి బొటనవేలికి కట్టిన ప్లాస్టర్ కనపడుతుంది. వాడు ఒక మెట్టు పైన నిలబడి పొట్లం కిందికి చాపుతాడు. ఆమె వేలు ముంచి బొట్టు పెడుతుంది. అట్లా ఎన్నో మెట్లు. చుట్టూ గోవిందా గోవిందా అని కేకలు. తల్లి నాలుగు మెట్ల పైన ఆయాసపడుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే అలివేలు అంటుంది: "మా నాయిన మాతో లేడు. రేణిగుంటలో ఉండాడు." ఇంకో మెట్టు. "కాణిపాకంలో ఒట్టేసి మరీ పోయినాడు."

చెరుకురసం ఇక్కడ.

నోట్లో నువ్వుగింజ నానని వాడు ఒక్క మాట కూడా మాట్లాడడు. పొట్లం ఇంకొంచెం కిందికి దించుతాడు, ఆమెకి అందేట్టు. ఈ పేజీ నిదానంగా రాయి. నవలలో వేరే ఎక్కడ తొందరపడినా పర్లేదు.

మిగతావి గబగబా చెప్తాను. పదహారేళ్ళ పిల్లకీ పంతొమ్మిదేళ్ళ కుర్రాడికీ జూపార్కులో పెట్టిన ముద్దు పేజీ పూర్తిగా తీసెయ్. పద్దెనిమిది నిండని వాళ్ళంతా 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలే, ఇష్టపడ్డారన్న మాటకి అక్కడ విలువ లేదు. వాడి మీద కేసవుతుంది, నీ కథ కోర్టుకి వెళ్తుంది. ఇద్దరినీ పదిహేడులో పెట్టు, ఒకే కాలేజీలో ఒకే ఏడాది. వాళ్ళని ముట్టుకోనివ్వాల్సిన పని కూడా లేదు. ఆ వయసులో ఒకరికి రహస్యం ఇచ్చెయ్యడం కంటే పెద్ద తెగింపు ఏముంటుంది? కాలేజీ అంటే గుర్తొచ్చింది, నువ్వు రాసిన రెసిడెన్షియల్ కాలేజీలో మగపిల్లల క్యాంపస్ వేరు, ఆడపిల్లల క్యాంపస్ వేరు ఉంటాయి. పక్కపక్క బెంచీలు కుదరవు. ప్రభుత్వ జూనియర్ కాలేజీకి మార్చు, పైగా బస్సు కూడా నిలుస్తుంది. భాష సంగతి: నూరు పేజీల దాకా "పో మే, యాడికి పోతాండావు" అని కమ్మగా మాట్లాడిన పిల్ల, ప్రేమ ప్రస్తావన రాగానే "నీ సాన్నిధ్యంలో నా వేదన కరిగిపోతోంది" అంటుంది. ఎవరు నేర్పారు ఆమెకి? నువ్వే.

ఐదేళ్ళ తర్వాత తిరుమలలో పెళ్ళి కూడా వద్దు. ఇంటర్ పరీక్షలు, ఫలితాలు అయ్యాక నవల ఏప్రిల్‌లో ఆగింది. ఇంకొక్క నెల ఆగితే తిరుపతిలో గంగమ్మ జాతర కదా! మొక్కున్న మగవాళ్ళు చీర కట్టి, జడ పెట్టి వేషాలు వేస్తారు. మునిశేఖర్ నానమ్మ మొక్కుకుంది, వీడు ఆడవేషం వెయ్యాలి, జాకెట్టు కావాలి. అలివేలు తల్లి జాకెట్లు కుడుతుంది. వాడు కొలతలు ఇవ్వడానికి ఆ ఇంటికి వస్తాడు. తల్లి నోట్లో సూదులతో, టేపుతో వాడి భుజాలు కొలుస్తూ అంకెలు చెప్తుంటే, అలివేలు నవ్వు ఆపుకుంటూ ఆర్డర్ల పుస్తకంలో రాసుకుంటుంది. కొలతల పైన కస్టమరు పేరు రాయాలి. ఏ అక్షరాల్లో రాస్తుందో నువ్వు తేల్చుకో. నేనైతే అక్కడ ఆపేస్తాను.

ఇక చివరిది. నీ ఉత్తరంలో ఒక మూల రాశావు, "ఇది మా బంధువుల అమ్మాయి కథే అక్కా, తను నాకొక్కడికే చెప్పింది" అని. ఆ అమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిదట. పేరు మార్చాను కదా అంటావు. రేణిగుంట మార్చలేదు, తల్లి కుట్టు మిషను మార్చలేదు, నోట్లో సూదులు కూడా మార్చలేదు. ఇది ఏ ఆదివారం సంచికలోనో సీరియల్‌గా వస్తే మీ చుట్టాలంతా మొదటి వారంలోనే పోల్చుకుంటారు. తొమ్మిదో తరగతిలో ఆ స్నేహితురాలు చేసిన పనే నువ్వూ చేసినట్టవుతుంది, కాకపోతే ఇంకాస్త అందంగా.

కాబట్టి తిరగరాయడానికి ముందే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళు. ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పు, ఇట్లా రాశానని. రాతప్రతి చేతికిచ్చి చదవనివ్వు. ఏ పేజీ వద్దంటే ఆ పేజీ తీసెయ్, బతిమాలకు. మొత్తం వద్దంటే మొత్తం పక్కన పెట్టు. మిషను తీసెయ్యమందనుకో, నేను చెప్పిన జాకెట్టు సీను కూడా పోతుంది. పోనీ, తల్లికి ఇంకో పని వెతుకుదాం, మన ఊళ్ళో ఆడవాళ్ళు చేసే పనులకి కరువా? ఆమె ఏమందో నాకు రాయి. దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
అక్క